సంతకం ఎవరు పెట్టాలి? మానసిక ఆరోగ్య చట్టాలలో సోషల్ వర్కరు స్థానం

కాలు విరిగినా, కడుపులో పుండు లేచినా చికిత్స చేయించుకోవాలా వద్దా అనేది రోగి ఇష్టం. డాక్టరు సలహా చెప్పగలడు, నచ్చజెప్పగలడు. తెలివితో ఉన్న మనిషి "వద్దు" అంటే మాత్రం ఆగిపోవలసిందే. మనసుకు జబ్బు చేసినపుడు ఈ నియమానికి ఒక పెద్ద మినహాయింపు ఉన్నది. ఏ నేరమూ చేయని వ్యక్తిని, అతని ఇష్టానికి విరుద్ధంగా, ఇంటినుండి తీసుకొనిపోయి ఆసుపత్రిలో ఉంచి మందు ఇవ్వడానికి చట్టం అనుమతిస్తుంది. ఒక్క ఇంగ్లండులోనే 2023–24 సంవత్సరంలో ఇటువంటి నిర్బంధాలు 52 వేలకు పైగా నమోదయినవి.

ఇంత పెద్ద అధికారం ఎవరి చేతిలో ఉండాలి? న్యాయాధికారి చేతిలోనా, వైద్యుని చేతిలోనా, లేక రోగి కుటుంబం చేతిలోనా? ఇంగ్లండు, వేల్సు దేశాల చట్టం ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబు కొత్తగా వచ్చినవారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇద్దరు డాక్టర్లు సిఫారసు చేయవలసిందే. కాని రోగిని ఆసుపత్రిలో చేర్చుకోమని కోరే దరఖాస్తు మీద సాధారణంగా సంతకం చేసేది డాక్టరు కాదు, చాలా సందర్భాలలో ఒక సోషల్ వర్కరు. ఆ సంతకం సోషల్ వర్కరు చేతికి ఎలా వచ్చినది, 1959, 1983, 2007, 2025 సంవత్సరాల చట్టాలు దాని బరువును ఎలా మార్చినవి, ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అందులో తెలిసికొనదగినది ఏమిటి అనేవి ఈ వ్యాసంలోని విషయాలు.

ముందుగా ఒక మాట. "సంఘసేవకుడు" అనగానే తెలుగువారికి వరదబాధితులకు అన్నం పొట్లాలు పంచేవారో, ఊరిలో బడి కట్టించినవారో గుర్తుకు వస్తారు. ఈ దేశంలో సోషల్ వర్కరు అంటే అర్థం వేరు. అది విశ్వవిద్యాలయంలో చదివి, అర్హత పొంది, రిజిస్టరులో పేరు నమోదు చేయించుకొని చేసే వృత్తి. ఇంగ్లండులో 2005 ఏప్రిల్ నుండి ఆ రిజిస్టరులో లేనివారు తమను సోషల్ వర్కరు అని చెప్పుకొనడం చట్టవిరుద్ధం. చేతిలో స్టెతస్కోపు లేకపోయినా, చట్టం ఇచ్చిన అధికారం వారికి ఉన్నది.

మెజిస్ట్రేటు కాలం

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ అధికారం న్యాయాధికారిది. 1890 నాటి లూనసీ చట్టం ప్రకారం ఒక వ్యక్తిని ఉన్మాదుల ఆశ్రమానికి పంపాలంటే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. మతి చలించని వారిని ఆస్తి కోసమో, పగతోనో లోపల పడవేయకుండా కాపాడడం ఆ ఉత్తర్వు ఉద్దేశం. పేదవారి విషయంలో రోగిని మెజిస్ట్రేటు ఎదుటికి తెచ్చే పని రిలీవింగ్ ఆఫీసరు అనే ఉద్యోగిది. పేదల సహాయచట్టం కింద రొట్టె, డబ్బు పంచేదీ ఆయనే. ఆశ్రమానికి దారి చూపేదీ ఆయనే. నేటి సోషల్ వర్కరు అధికారానికి మూలపురుషుడు ఈ ఉద్యోగి అని చెప్పవచ్చు.

ఈ పద్ధతిలో రక్షణ ఉన్నది గాని, మచ్చ కూడా ఉన్నది. జబ్బుపడిన మనిషి న్యాయాధికారి ముందు నిలబడితే లోకం దృష్టిలో అతడు ముద్దాయితో సమానం. 1930 నాటి చట్టం తొలిసారిగా స్వచ్ఛందంగా చేరే రోగులకు తలుపు తెరిచింది. "అసైలం" పోయి "మెంటల్ హాస్పిటల్" వచ్చినది. 1948లో జాతీయ ఆరోగ్య సేవ ఏర్పడినపుడు రిలీవింగ్ ఆఫీసరు స్థానంలో "డ్యూలీ ఆథరైజ్డ్ ఆఫీసరు" వచ్చాడు. పేరు మారినా చాలాచోట్ల మనుషులు వారే.

అదే కాలంలో వేరొక పాయ ప్రవహిస్తున్నది. 1929లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో మానసిక ఆరోగ్యం మీద ప్రత్యేక శిక్షణ ప్రారంభమైనది. అక్కడ చదివినవారు సైకియాట్రిక్ సోషల్ వర్కర్లుగా పిల్లల క్లినిక్కులలోనూ ఆసుపత్రులలోనూ పనిచేశారు. రోగి ఇంటి పరిస్థితి, ఉద్యోగం, పెంపకం, అప్పులు, భార్యాభర్తల పొత్తు వంటివి విచారించి వైద్యునికి తెలియజేయడం వారి విద్య. ఇలా శిక్షణ ఉన్నవారికి అధికారం లేదు. అధికారం ఉన్నవారికి శిక్షణ లేదు. ఈ రెండు పాయలు కలవడానికి మరి నలభై ఏళ్ళు పట్టింది.

1959: న్యాయాధికారి నిష్క్రమణ

1950 దశకం నడుమ ఇంగ్లండు, వేల్సులలోని మానసిక వైద్యశాలలలో సుమారు లక్షా ఏబది వేలమంది ఉండేవారు. లార్డ్ పెర్సీ అధ్యక్షతన ఏర్పడిన రాయల్ కమిషన్ 1957లో నివేదిక సమర్పించినది. మానసిక వ్యాధిని సాధ్యమైనంత మేరకు ఇతర వ్యాధులవలెనే చూడాలని, కోర్టు మెట్లెక్కకుండానే చికిత్స దొరకాలని దాని సారాంశం. ఆ సిఫారసుల మీద 1959 నాటి మానసిక ఆరోగ్య చట్టం వచ్చినది. మెజిస్ట్రేటు తప్పుకొన్నాడు. నిర్బంధం తప్పని సందర్భాలలో డాక్టర్ల సిఫారసు మీద దగ్గరి బంధువు గాని "మెంటల్ వెల్ఫేర్ ఆఫీసరు" గాని దరఖాస్తు చేయాలి. తనను అన్యాయంగా ఉంచారని రోగి మొరపెట్టుకొనడానికి ట్రైబ్యునళ్ళు ఏర్పడినవి.

ఇది పెద్ద సంస్కరణ. అయితే దానిలోని లోపం కొద్ది సంవత్సరాలలోనే తెలిసివచ్చినది. వెల్ఫేర్ ఆఫీసరుకు ప్రత్యేక శిక్షణ ఉండి తీరాలన్న నియమం చట్టంలో లేదు. డాక్టరు నిర్ణయించిన తరువాత కాగితాలు పూర్తిచేసి, బండి పిలిపించి, రోగిని చేరవేయడం తన పని అని అనేకులు భావించేవారు. మెజిస్ట్రేటు ఖాళీ చేసిన కుర్చీలో నిజానికి ఎవ్వరూ కూర్చోలేదు.

1968 నాటి సీబోమ్ నివేదిక ఫలితంగా 1971లో స్థానిక సంస్థలలో సోషల్ సర్వీసుల శాఖలు వెలసినవి. వెల్ఫేర్ ఆఫీసర్లు, శిక్షణ పొందిన సోషల్ వర్కర్లు ఒకే కప్పు కిందికి వచ్చారు. 1975లో మైండ్ అనే స్వచ్ఛంద సంస్థ పక్షాన న్యాయవేత్త లారీ గోస్టిన్ వెలువరించిన "ఎ హ్యూమన్ కండిషన్" రోగి హక్కుల ప్రశ్నను ముందుకు తెచ్చినది. "వైద్యానికి సంబంధించిన విషయం కాబట్టి వైద్యునికి వదిలివేయాలి" అన్న వాదన బలం కోల్పోయినది.

1983: తనకంటూ ఒక ప్రశ్న

1983 నాటి చట్టం ఆ ఖాళీ కుర్చీలో "అప్రూవ్డ్ సోషల్ వర్కరు"ను కూర్చోబెట్టినది. మానసిక వ్యాధిగ్రస్తులతో వ్యవహరించే యోగ్యత ఉన్నదని స్థానిక సంస్థ ఆమోదించిన సోషల్ వర్కరు మాత్రమే 1984 అక్టోబరు నుండి ఈ పని చేయవలసి వచ్చినది. చట్టంలోని 13వ సెక్షను అతని మీద రెండు బాధ్యతలు పెట్టినది. రోగితో అతనికి తగిన రీతిలో మాట్లాడాలి. అన్ని పరిస్థితులనూ గమనించిన మీదట, ఆ మనిషికి అవసరమైన సంరక్షణ, చికిత్స అందడానికి ఆసుపత్రిలో నిర్బంధించడమే అత్యంత తగిన మార్గమని తాను స్వయంగా తృప్తిపడాలి.

ఈ రెండవ బాధ్యతలోనే సోషల్ వర్కరు స్థానం అంతా ఇమిడి ఉన్నది. డాక్టరు ముందున్న ప్రశ్న: జబ్బు ఉన్నదా, ఎంత తీవ్రమైనది? సోషల్ వర్కరు ముందున్న ప్రశ్న: ఉన్నది సరే, దీనికి ఆసుపత్రి తప్ప వేరే దారి లేదా? ఇంట్లో చూచుకొనేవారు ఉన్నారా? నర్సు రోజుకు రెండుసార్లు వచ్చి మందు ఇస్తే సరిపోతుందా? ఈ మనిషి నిద్రమానడానికి కారణం వ్యాధా, లేక ఇల్లు ఖాళీ చేయమని వచ్చిన నోటీసా? డాక్టర్లిద్దరూ సిఫారసు చేసినా సోషల్ వర్కరు దరఖాస్తు చేయకపోవచ్చు. అతనికి జీతమిచ్చే స్థానిక సంస్థ కూడా "సంతకం పెట్టు" అని గాని "పెట్టవద్దు" అని గాని ఆదేశించలేదు. ఉద్యోగిగా ఉంటూనే నిర్ణయంలో స్వతంత్రుడుగా ఉండడం ఈ పదవి ప్రత్యేకత.

పరీక్ష జరిగే తీరు

ఒక ఇంటి నుండి కబురు వస్తుంది. ఒక మనిషి వారం రోజులుగా తిండి మాని, గదికి గడియ పెట్టుకొని, ఎవరో తనను వెంటాడుతున్నారని అంటున్నాడు. సోషల్ వర్కరు ముందుగా పాత కాగితాలు చూస్తాడు, కుటుంబసభ్యులతో మాట్లాడుతాడు. ఇద్దరు డాక్టర్లను సమకూర్చుకొంటాడు. వారిలో ఒకరు మానసిక వ్యాధులలో అనుభవం ఉన్నట్లు గుర్తింపు పొందినవారై ఉండాలి. వీలైతే మరొకరు రోగిని ఇదివరకే ఎరిగినవారైతే మంచిది. తలుపు తీయకపోతే మెజిస్ట్రేటునుండి వారంటు తెచ్చుకోవాలి. అప్పుడు పోలీసు వెంట రావలసి ఉంటుంది. 1959లో వెళ్ళిపోయిన న్యాయాధికారి ఈ ఒక్కచోట ఇంకా మిగిలి ఉన్నాడు.

పరీక్ష పూర్తయిన తరువాత నిర్బంధమే అవసరమనుకుంటే ప్రధానంగా రెండు దారులు. రెండవ సెక్షను కింద వ్యాధి నిర్ణయం కోసం 28 రోజుల వరకు ఉంచవచ్చు. మూడవ సెక్షను కింద చికిత్స కోసం మొదట ఆరు నెలల వరకు ఉంచవచ్చు, ఆపైన పొడిగించవచ్చు. రెండింటిలోనూ రోగికి ట్రైబ్యునలుకు విన్నవించుకొనే హక్కు, ఖర్చులేకుండా న్యాయవాది సహాయం ఉన్నవి. ఇది నేరానికి శిక్ష కాదు. నేరస్థుల జాబితాలో పేరు చేరదు.

చట్టపుస్తకంలో కనిపించని పనులు ఇంకా అనేకం. దరఖాస్తు ఫలానా ఆసుపత్రికని వ్రాయాలి గనుక పడక దొరికేవరకు అది పూర్తికాదు. అంతవరకు గంటలతరబడి సోషల్ వర్కరు ఫోను పట్టుకొని రోగి ఇంటిలోనే కూర్చొనవలసి రావచ్చు. రోగి వెళ్ళిన తరువాత పొయ్యి ఆర్పినదీ లేనిదీ చూడాలి. ఇంటి తాళం, బడినుండి వచ్చే పిల్లలు, పెంపుడు కుక్క గతి కూడా ఆలోచించాలి. రోగి సొత్తును కాపాడే బాధ్యత చట్టరీత్యా స్థానిక సంస్థదే. ఒక మనిషి జీవితాన్ని మధ్యలో ఆపినవారు, తిరిగి వచ్చినపుడు అది మిగిలి ఉండేటట్లు చూడవలసి ఉంటుందన్నమాట.

2007: తలుపు తెరుచుకొన్నది

1990 దశకంలో పెద్ద ఆసుపత్రులు మూతబడి, రోగుల సంరక్షణ సమాజంలోకి మారినది. కొన్ని దారుణ సంఘటనల వలన ప్రజలలో భయమూ పెరిగినది. దీర్ఘకాలం సాగిన వాదోపవాదాల తరువాత 2007లో పాత చట్టాన్ని సవరించారు. ఆసుపత్రినుండి ఇంటికి వెళ్ళినా షరతులకు కట్టుబడి ఉండవలసిన "కమ్యూనిటీ ట్రీట్‌మెంట్ ఆర్డరు" అనే ఉత్తర్వు అప్పుడే వచ్చినది. దానికీ డాక్టరు ఒక్కరి మాట చాలదు.

ఆ సవరణతోనే 2008 నవంబరు 3 నుండి అప్రూవ్డ్ సోషల్ వర్కరు స్థానంలో "అప్రూవ్డ్ మెంటల్ హెల్త్ ప్రొఫెషనల్" వచ్చారు. వీరిని ఇక్కడ ఆమోదిత నిపుణుడు అందాం. సోషల్ వర్కర్లకు మాత్రమే ఉన్న ఈ అధికారం నర్సులకు, ఆక్యుపేషనల్ థెరపిస్టులకు, సైకాలజిస్టులకు కూడా తెరుచుకొన్నది. డాక్టర్లకు మాత్రం ప్రవేశం లేదు. ఒకే వైద్యబృందంలో రోజూ డాక్టరు మాట వినే నర్సు, ఆ డాక్టరు సిఫారసుకు ఎదురు చెప్పగలడా అని అప్పట్లో అనేకులు సంశయించారు. అందుకు జవాబుగా పరీక్షించే ముగ్గురూ ఒకే బృందంలోనివారు కాకూడదని నియమాలు చేశారు. తలుపు తెరిచినా లోపలికి వచ్చిన ఇతర వృత్తులవారు కొద్దిమందే. నేటికీ ఆమోదిత నిపుణులలో పదింట తొమ్మిదిమందికి పైగా సోషల్ వర్కర్లే. ఇంగ్లండులో వారు ఏటా 18 గంటల శిక్షణ పొందుతూ, అయిదేళ్ళకొకసారి ఆమోదం తిరిగి పొందవలసి ఉంటుంది.

స్కాట్లండులో 2003 నాటి వేరే చట్టం ఉన్నది. అక్కడ ఈ పని చేసే "మెంటల్ హెల్త్ ఆఫీసరు" తప్పనిసరిగా సోషల్ వర్కరే. ఉత్తర ఐర్లండులో 1986 నాటి ఉత్తర్వు కింద పాత పేరే నిలిచి ఉన్నది.

"నియరెస్ట్ రిలేటివ్" ఎవరు?

తెలుగు కుటుంబాలకు అన్నిటికంటె ముఖ్యమైన భాగం ఇది. 1983 చట్టంలో కుటుంబం తరపున మాట్లాడే అధికారం "నియరెస్ట్ రిలేటివ్" అనే ఒక్కరికే ఉన్నది. మూడవ సెక్షను కింద దరఖాస్తు చేయడానికి ముందు సోషల్ వర్కరు వీలున్నంతవరకు ఆ బంధువును సంప్రదించాలి. ఆ బంధువు అభ్యంతరం చెబితే దరఖాస్తు ఆగిపోతుంది. అభ్యంతరం అసమంజసమని భావిస్తే కౌంటీ కోర్టుకు వెళ్ళి ఆ బంధువును తొలగింపజేయాలి. రోగిని పరీక్షించమని స్థానిక సంస్థను కోరే హక్కు కూడా ఆ బంధువుకు ఉన్నది. పరీక్షించి కూడా దరఖాస్తు చేయకపోతే కారణాలను వ్రాతపూర్వకంగా తెలుపవలసి ఉంటుంది. రోగిని విడుదల చేయమని 72 గంటల నోటీసు ఇచ్చే అధికారమూ ఉన్నది. అపాయమని తోస్తే డాక్టరు దానిని అడ్డుకొనవచ్చు.

ఆ ఒక్కరు ఎవరన్నది రోగి చెప్పేది కాదు, చట్టం చెప్పేది. భర్త లేక భార్య, కొడుకు లేక కూతురు, తండ్రి లేక తల్లి, తోబుట్టువులు, తాత మామ్మలు, మనుమలు, తల్లిదండ్రుల తోబుట్టువులు, చివరకు తోబుట్టువుల పిల్లలు. ఇదీ వరుస. ఒకే మెట్టు మీద ఇద్దరుంటే పెద్దవారు. రోగితో కలిసి ఉంటున్న బంధువుకు, రోగిని చూచుకొంటున్న బంధువుకు ఈ వరుసలో అగ్రస్థానం. తెలుగువారి వరుసలు ఇంతకంటె విశాలమైనవి. వేలు విడిచిన మేనమామ కూడా మామయ్యే, పెదనాన్న కొడుకు అన్నయ్యే. ఈ చట్టంలో పెదనాన్న ఉన్నాడు గాని పెదనాన్న కొడుకు లేడు. అత్తగారు, వదిన, బావమరిది లేరు. బంధువు కానివారు అయిదేళ్ళు కలిసి నివసిస్తే మాత్రం జాబితా చివర చోటు దొరుకుతుంది.

ఇంకొక నిబంధన మరీ గమనించదగినది. రోగి ఈ దేశంలో స్థిరంగా నివసిస్తున్నపుడు, విదేశంలో నివసించే బంధువును చట్టం లెక్కలోనికి తీసికొనదు. రీడింగులో ఉద్యోగం చేస్తున్న ఒక అవివాహిత యువకుని ఊహించుకొందాం. తల్లిదండ్రులు గుంటూరులో ఉన్నారు. స్లౌలో ఉన్న పెదనాన్నగారి అబ్బాయి వారం వారం వచ్చి చూచిపోతుంటాడు. లీడ్స్‌లో ఒక చెల్లెలు ఉన్నది. రెండేళ్ళుగా మాటలు లేవు. ఇతనికి జబ్బు చేస్తే కన్నవారికి చట్టంలో స్థానం లేదు, అన్నయ్యకు లేదు. ఫోను మోగేది ఆ చెల్లెలికి. ఆమె ఔననడం, కాదనడం మీద అతని ఆరు నెలలు ఆధారపడి ఉంటాయి.

దరఖాస్తు చేసే అధికారం కూడా ఆ బంధువుకు ఉన్నది. అయినా ప్రభుత్వం వెలువరించిన ఆచరణ నియమావళి ఆ పని నిపుణునికి వదలడమే మేలని చెబుతున్నది. దీని వెనుక మనసెరిగిన ఆలోచన ఉన్నది. జబ్బు కొన్ని నెలలలో తగ్గవచ్చు. "నన్ను పిచ్చాసుపత్రిలో వేసినది నువ్వే" అన్న మాట అన్నదమ్ముల మధ్య, ఆలుమగల మధ్య జీవితాంతం నిలిచిపోతుంది. ఆ నింద తన మీద వేసుకొని కుటుంబాన్ని కుటుంబంగానే మిగల్చడం కూడా సోషల్ వర్కరు చేసే సేవలలో ఒకటి.

2025: బంధుత్వం నుండి ఎంపికకు

2017లో ప్రభుత్వం సర్ సైమన్ వెస్లీ అనే మనోవైద్యుని అధ్యక్షతన పునర్విమర్శకు ఏర్పాటు చేసినది. 2018 డిసెంబరులో వెలువడిన నివేదిక, తెల్లవారితో పోలిస్తే నల్లజాతివారు నాలుగు రెట్లకు పైగా నిర్బంధానికి గురవుతున్నారని ఎత్తిచూపినది. రోగి ఎంపిక, వీలైనంత తక్కువ నిర్బంధం, చికిత్స వలన నిజమైన ప్రయోజనం, మనిషిని మనిషిగా చూడడం అనే నాలుగు సూత్రాలను ప్రతిపాదించినది. 2021లో శ్వేతపత్రం, 2022లో ముసాయిదా, 2024 నవంబరులో బిల్లు వచ్చినవి. 2025 డిసెంబరులో రాజామోదంతో అది చట్టమైనది.

ఈ చట్టం ఒక్కసారిగా కాక, కొన్ని సంవత్సరాల పొడుగునా దశలవారీగా అమలులోనికి వస్తుంది. ఆయా భాగాలు అమలులోనికి వచ్చేవరకు పైన చెప్పిన పాత వరుసయే వర్తిస్తుంది. పూర్తిగా అమలయినపుడు నిర్బంధానికి తీవ్రమైన హాని జరిగే అవకాశం ఉన్నదని చూపాలి. మూడవ సెక్షను తొలి గడువు ఆరు నుండి మూడు నెలలకు తగ్గుతుంది. ఆటిజం గాని, బుద్ధిమాంద్యం గాని ఉన్నంతమాత్రాన, వేరే మానసిక వ్యాధి లేకుండా, ఆ సెక్షను కింద ఉంచడం కుదరదు. పోలీసు లాకప్పును "సురక్షిత స్థలం"గా వాడడం పోతుంది. ప్రతి రోగికి వ్రాతపూర్వకమైన చికిత్సా ప్రణాళిక ఉంటుంది. బాగున్నపుడే తన కోరికలను ముందుగా వ్రాసిపెట్టుకొనే పత్రానికి ప్రోత్సాహం లభిస్తుంది.

అన్నిటికంటె మౌలికమైన మార్పు నియరెస్ట్ రిలేటివ్ స్థానంలో "నామినేటెడ్ పర్సన్" రావడం. తన తరపున మాట్లాడవలసిన మనిషిని రోగియే ఎంచుకొంటాడు. రీడింగు యువకుడు, మాటలు లేని చెల్లెలికి బదులు, వారం వారం వచ్చే అన్నయ్య పేరు వ్రాయవచ్చు. స్నేహితుని పేరైనా వ్రాయవచ్చు. రోగి ముందుగా ఎవరినీ ఎంచుకొనక, ఎంచుకొనే తెలివి అప్పటికి లేకపోతే, ఆ నియామకం చేసే బాధ్యత ఆమోదిత నిపుణునిది అవుతుంది.

సోషల్ వర్కరు పాత్రలో ఇది కొత్త అధ్యాయం. 1959లో అతడు చేరవేసేవాడు. 1983లో తనకు తానుగా నిర్ణయించేవాడు అయినాడు. ఇకముందు కొన్ని ఇళ్ళలో, ఈ మనిషి కష్టకాలంలో ఎవరిని నమ్ముతాడో కనిపెట్టవలసినవాడు కూడా అతడే. బంధుత్వాల పట్టిక చూచి చెప్పగలిగిన పని కాదది. ఆ ఇంటి సంగతి తెలియాలి, ఆ ఇంటివారి మాట తెలియాలి.

మాట తెలియకపోతే

"తగిన రీతిలో మాట్లాడాలి" అన్న 13వ సెక్షనులోని మాటకు భాష కూడా చేరుతుంది. రోగికి ఇంగ్లీషు చాలకపోతే దుబాసీని ఏర్పాటు చేయాలి. ఇంటివారే దుబాసీలుగా ఉండడం సాధారణంగా తగదని నియమావళి చెబుతుంది. కారణం గ్రహించడం కష్టం కాదు. కొడుకు ఎదుట తల్లి చెప్పుకోలేని సంగతులు ఉంటాయి. తల్లి చెప్పినవి కొడుకు పరువు కోసం మింగివేయవచ్చు.

తెలుగు నుడికారం ఒక్కొక్కసారి తప్పుదారి పట్టిస్తుంది. "పని చేయలేక చచ్చిపోతున్నాను" అన్న మాటలో చావు లేదు. "అల్లరి చేశావంటే చంపేస్తాను" అన్న తల్లి మాటలో హత్య లేదు. ఉన్నదున్నట్లు ఇంగ్లీషులో చెబితే రెండూ ప్రమాదసూచికలే. దీనికి విరుద్ధంగా, "దేవుడు ఎప్పుడు పిలుస్తాడా అని చూస్తున్నాను" అన్న పెద్దావిడ మాటను వయసు మళ్ళినవారి వాడుక మాటగా కొట్టివేయవచ్చు. దాని వెనుక నెలల తరబడి నిద్రలేమి, తిండి సహించకపోవడం ఉన్నవేమోనని ఇంకొక ప్రశ్న వేయగలిగేది భాష ఎరిగినవారే. గుండె దడ, ఒళ్ళు మంటలు, తల దిమ్ము అని శరీరం మీద పెట్టి చెప్పే బాధలలో మనసు బాధ ఎంత ఉన్నదో తెలిసికొనడమూ అంతే.

మాతృదేశంలో

భారతదేశపు 1912 నాటి లూనసీ చట్టం ఇంగ్లండు నమూనాలోనే పుట్టినది. దాని స్థానంలో 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం 1993 నుండి అమలయినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమలులోనికి వచ్చినది. ఈ చట్టం ప్రకారం ప్రతి వయోజనుడు తన ప్రతినిధిని తానే నియమించుకొనవచ్చు. తనకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగానే వ్రాసి ఉంచవచ్చు. స్కాట్లండు 2003 చట్టంలోనే ఇటువంటి ఎంపికకు చోటిచ్చినది. బంధుత్వాల పట్టికను పక్కన పెట్టి రోగి ఎంపికను ముందుంచడంలో ఇంగ్లండు కంటె భారతదేశమే కొన్ని సంవత్సరాలు ముందున్నదన్నమాట.

సోషల్ వర్కరు స్థానం మాత్రం అక్కడ వేరు. బెంగుళూరు నిమ్‌హాన్స్ వంటి సంస్థలలో ఎం.ఫిల్. చదివిన సైకియాట్రిక్ సోషల్ వర్కరును 2017 చట్టం మానసిక ఆరోగ్య నిపుణులలో ఒకరుగా గుర్తించినది. స్వయంగా నిర్ణయించుకొనలేని రోగిని ప్రతినిధి కోరికపై చేర్చుకొనేటపుడు ఇద్దరు పరీక్షించాలి. ఒకరు మనోవైద్యుడు కాగా, రెండవవారు రాష్ట్ర రిజిస్టరులో ఉన్న ఇటువంటి నిపుణుడు కావచ్చు. అయితే ఆసుపత్రికి బయట, ఇంటి గుమ్మంలో నిలబడి "వేరే దారి లేదా?" అని అడిగే స్వతంత్ర అధికారి అక్కడ లేడు. ఆ బరువంతా కుటుంబం మీదనే. విశాఖ, ఎర్రగడ్డ ఆసుపత్రుల పేర్లు తెలుగునాట ఎగతాళి మాటలుగా మారిపోవడం వలన ఆ బరువు ఇంకా పెరుగుతున్నది.

కుటుంబాలు ముందుగా చేయదగినవి

మనసు బాగున్న రోజులలోనే కొన్ని సంగతులు మాట్లాడుకొనడం మేలు. ఈ దేశంలో తనకు చట్టరీత్యా నియరెస్ట్ రిలేటివ్ ఎవరో ప్రతివారూ తెలిసికొనాలి. కొత్త భాగాలు అమలులోనికి వచ్చిన తరువాత ఎవరి పేరు వ్రాయాలో ఆలోచించుకొనాలి. ఆ వ్యక్తికి ఆ సంగతి చెప్పి ఒప్పించాలి. జబ్బు తిరగబెట్టే స్వభావం ఉన్నవారు ఏ మందు పడినదో, ఏది పడలేదో, పిల్లలను ఎవరి ఇంట ఉంచాలో వ్రాసి పెట్టుకొనడం మంచిది. పరీక్షకు వచ్చిన సోషల్ వర్కరు దగ్గర కుటుంబ పరువు కోసం నిజాలు దాచవద్దు. ఇంట్లో ఉన్న అండదండలు కూడా చెప్పాలి. నిర్బంధం తప్పించగల మార్గం ఆ అండదండలలోనే దొరకవచ్చు. దుబాసీని అడగడానికి మొహమాటపడవద్దు. గుంటూరులోనో, వరంగల్లులోనో ఉన్న తల్లిదండ్రులకు చట్టంలో స్థానం లేకపోయినా, రోగికి ఇష్టమైతే వారితోనూ మాట్లాడమని అడగవచ్చు.

ఒక మనిషి స్వేచ్ఛను కొంతకాలం ఆపే సంతకం తేలికగా పడకూడదు. మెజిస్ట్రేటు నుండి డాక్టరుకు, డాక్టరు నుండి సోషల్ వర్కరుకు ఆ కలం చేతులు మారుతూ వచ్చినది. ఇప్పుడు చట్టం రోగి చేతికి కూడా ఒక కలం ఇస్తున్నది. దానితో ఎవరి పేరు వ్రాయాలన్నది మాత్రం జబ్బు రాకముందు, ఇంట్లో కూర్చొని, ఒకరి ముఖం ఒకరు చూచుకొంటూ తేల్చుకొనవలసిన విషయం.